కోరల్స్ తెప్పించే ముందు క్వారంటైన్ జాగ్రత్తలు

దసరా దాటి ఎండ తగ్గాక శ్రీకాకుళం, విజయనగరం వైపు ఉప్పునీటి అక్వేరియంలోకి కొత్త కోరల్స్ (పగడపు జీవులు), రొయ్యలు, నత్తలు తెప్పించుకునేవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

క్వారంటైన్‌కి, అంటే కొత్తవాటిని కొన్నాళ్లు విడిగా ఉంచడానికి, ఒకప్పుడు చేపలకు రాగి మందు వేసిన తొట్టిని వాడొద్దు. రాయి, ఇసుక రాగిని పీల్చి మెల్లగా వదులుతాయి. చేపలు తట్టుకునే మోతాదే రొయ్యలనూ నత్తలనూ చంపేస్తుంది.

క్వారంటైన్ తొట్టిలో ఒక్క చేపా ఉండకూడదు, 76 రోజులు. తెల్లమచ్చల జబ్బు పరాన్నజీవి నత్త గుల్ల మీదా కోరల్ కింది రాయి మీదా తిత్తి కట్టుకుని దాక్కుంటుంది. బయటికొచ్చాక చేప దొరక్కపోతే చస్తుంది. "నెల చాల్లే" అనేవాళ్ల మాట వినకండి.

డిప్ (కోరల్‌ని మందు నీళ్లలో ముంచి తీయడం) ఒక్కసారితో సరిపెట్టొద్దు. పురుగులు రాలతాయి, గుడ్లు చావవు. వారానికోసారి, ఐదారు వారాలు. కోరల్ అంటించిన ప్లగ్‌ని (చిన్న దిమ్మని) తీసేసి కొత్తది పెట్టడం ఇంకా మంచిది. రొయ్యల్ని, నత్తల్ని మాత్రం డిప్‌లో ముంచొద్దు.

రొయ్యలు వచ్చిన నీళ్లలో చుక్కచుక్కగా గంటకు తగ్గకుండా తొట్టి నీరు కలపండి. తొట్టి ఉప్పునీటి సాపేక్ష సాంద్రత 1.025 ఉండాలి.

కళింగపట్నం నీళ్లు తెచ్చేవాళ్లు ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూడాలి. వానల్లో వంశధార నీళ్లు కలిసి ఉప్పు పడిపోతుంది.

క్వారంటైన్ తొట్టికి వల, బకెట్ వేరుగా.

తుపాన్లకు బ్యాటరీ ఎయిర్ పంపు. 2018లో తిత్లీకి కరెంటు ఎన్నాళ్లు పోయిందో తెలిసిందే.