సంక్రాంతికి ఊరెళ్లి డల్లాస్ ఇంటికి తిరిగొచ్చాక: మొదటి వారంలో చేసుకోవాల్సిన పనులు

ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటికి చేరగానే సూట్‌కేసులన్నీ ఒకేసారి లోపలికి లాగకండి. పిల్లల్ని రెండు నిమిషాలు బయటే ఉంచి, ఒకరు వెళ్లి ఇల్లంతా చుట్టి రండి. ముందు వాసన చూడండి. నాలుగైదు వారాలు వాడకపోతే సింకులు, షవర్ల కింద వంపు పైపులో నిలవాల్సిన నీళ్లు ఆరిపోయి మురుగు వాసన పైకి వస్తుంది. ప్రతి డ్రెయిన్‌లో ఒక చెంబు నీళ్లు పోస్తే అది పోతుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసనైతే అది గ్యాస్ కావచ్చు. రెండిట్లో ఏదో తేలకపోతే గ్యాస్ అనే అనుకోండి. లైటు స్విచ్ కూడా ముట్టుకోకుండా బయటికొచ్చి, ఇంటికి దూరంగా నిలబడి 911కి గానీ గ్యాస్ కంపెనీకి గానీ ఫోన్ చేయండి. అలిసిపోయి ఉన్నప్పుడు "తర్వాత చూద్దాంలే" అనిపిస్తుంది, ఈ ఒక్క విషయంలో మాత్రం అలా అనుకోవద్దు.

తర్వాత నీళ్లు. జనవరి, ఫిబ్రవరుల్లో టెక్సాస్ చలిని తక్కువగా అంచనా వేయకూడదు, 2021 ఫిబ్రవరి గడ్డకట్టు చలికి ఇక్కడ ఎన్నో ఇళ్లలో పైపులు పగిలాయి. వెళ్లేముందు మెయిన్ వాల్వ్ కట్టేసి ఉంటే దాన్ని ఒక్కసారిగా తిప్పేయకుండా మెల్లగా తెరవండి. ఇంట్లో ఒకటి రెండు కుళాయిలు ముందే తెరిచి పెడితే పైపుల్లోని గాలి బయటికి పోతుంది. ఆ తర్వాత కుళాయిలన్నీ కట్టేసి, బయట కర్బ్ (రోడ్డు అంచు) దగ్గర మూత కింద ఉన్న మీటర్ చూడండి. నీళ్లేమీ వాడకపోయినా అందులోని చిన్న త్రికోణం తిరుగుతోందంటే ఎక్కడో కారుతున్నట్టే. లీకు లేదని తేలాక ప్రతి కుళాయినీ, షవర్‌నీ కొన్ని నిమిషాలు వదిలేసి, నిలవ నీళ్లు పోయాకే తాగడానికి, వంటకి పట్టుకోండి. వాటర్ హీటర్ వెకేషన్ మోడ్‌లో ఉంటే మామూలుకు తిప్పండి, లేకపోతే ఇరవై గంటలకు పైగా ప్రయాణం చేసి వచ్చి చన్నీళ్ల స్నానమే.

ఫ్రిజ్ చల్లగా ఉంది కదా అని నమ్మేయకండి, మీరు లేనప్పుడు కరెంటు పోయి మళ్లీ వచ్చి ఉండొచ్చు. ఫ్రీజర్‌లో ఐస్ ముక్కలు కరిగి ఒకే గడ్డగా అతుక్కుని ఉంటే మాంసం, చేపలు, దాచుకున్న వండిన కూరలు పారేయండి. ప్రాణం ఒప్పదు, అయినా పారేయండి.

కారు బ్యాటరీ దిగిపోయి ఉంటుందనే అనుకుని, ఆ రాత్రికి పాలు, పెరుగు, బ్రెడ్ డెలివరీ పెట్టుకోండి లేదా పక్కింటివాళ్లని అడగండి. మన తెలుగువాళ్లు ఇలాంటప్పుడు కాదనరు, వాళ్లు ఊరెళ్లినప్పుడు మీరూ చేసిపెడతారు. జంప్ స్టార్ట్ అయినా కాకపోయినా మొదటి రోజు డ్రైవింగ్ వద్దనే చెప్తాను. నిద్రమత్తు ఒకటి, నాలుగు వారాలు ఎడమవైపు ట్రాఫిక్ చూసి వచ్చిన కళ్లు ఒకటి. పెద్ద రోడ్డు మీద ఫర్వాలేదు గానీ, ఖాళీ పార్కింగ్ లాట్ నుంచి బయటికి తిరిగేటప్పుడే తెలియకుండా తప్పు వైపుకి వెళ్తాం.

ఇక నిద్ర. చలికాలంలో మనకీ ఊరికీ పదకొండున్నర గంటల తేడా, అంటే పగలూ రాత్రీ పూర్తిగా తారుమారు. శరీరం రోజుకి సుమారు ఒక గంట చొప్పునే సర్దుకుంటుంది కాబట్టి వారంలో అంతా మామూలైపోవాలని పట్టుబట్టకండి. పగలు దిగితే ఎంత నిద్రొచ్చినా రాత్రి ఎనిమిది, తొమ్మిది దాకా ఆగండి, మరీ ఆగలేకపోతే అలారం పెట్టుకుని అరగంట పడుకోండి. ఈ కాలంలో సాయంత్రం ఆరు ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది, అందుకే ఎండ ఉండగానే మధ్యాహ్నం పిల్లల్ని తీసుకుని పార్కుకో, కనీసం వీధి చివరిదాకానో నడవండి, నేను చూసినంతలో దీనికి మించిన మందు లేదు. రాత్రి రెండింటికి పిల్లలు ఆకలని లేస్తారు. వాళ్లని కోప్పడి లాభం లేదు, వాళ్ల పొట్టకి అది మధ్యాహ్న భోజనం వేళ. పెరుగన్నమో, ఇడ్లీలో ముందే సిద్ధంగా పెట్టుకుని, పెద్ద లైట్లు, టీవీ వేయకుండా తినిపించి మళ్లీ పడుకోబెట్టండి. సెలవు మిగిలుంటే సోమవారమే ఆఫీసుకి పరిగెత్తకుండా రెండు రోజులు చేతిలో ఉంచుకోండి.

సూట్‌కేసులు బెడ్‌రూమ్‌లో కాకుండా గరాజ్‌లో విప్పండి, దారిలో నల్లులు ఎక్కి ఉండొచ్చు. బట్టల్ని డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి మీద అరగంట తిప్పితే చాలు. ఆవకాయ కవర్లోంచి నూనె కారిందేమో చూసి, పూర్తిగా ఆరిన గాజు సీసాల్లోకి మార్చేయండి.

కాగితాల పని రెండో రోజు కల్లా మొదలుపెట్టాలి. వీసా మీద ఉన్నవాళ్లు సిబిపి (అమెరికా సరిహద్దు తనిఖీ శాఖ) సైట్‌లో ఇంట్లో ప్రతి ఒక్కరి ఐ-94, అంటే ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు, తీసి తేదీ చూసుకోండి, పిల్లలది కూడా. పాస్‌పోర్ట్ గడువు వీసా కన్నా ముందే ముగుస్తుంటే చాలాసార్లు ఐ-94 కూడా ఆ తేదీతోనే ఆపేస్తారు, కొత్త పాస్‌పోర్ట్ తీసుకున్నంత మాత్రాన అది దానంతటదే పెరగదు. అలా కనిపిస్తే వెంటనే కంపెనీ లాయర్‌తో మాట్లాడండి. పోస్టాఫీసు ఉత్తరాలు ఆపి ఉంచేది గరిష్ఠంగా 30 రోజులే, అంతకన్నా ఎక్కువ ఉండి వస్తే మెయిల్‌బాక్స్ నిండి ఉంటుంది. ఆ కట్టలో ముందు ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు వెతకండి. మార్ట్‌గేజ్ కంపెనీ ఎస్క్రో (ట్యాక్స్ కోసం మీ దగ్గర నెలనెలా తీసి ఉంచే డబ్బు) నుంచి కట్టకపోతే జనవరి 31 లోపు మీరే కట్టాలి, ఫిబ్రవరి 1 నుంచి పెనాల్టీ, వడ్డీ మొదలవుతాయి. టోల్ బిల్లులు, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నోటీసులు, జ్యూరీ సమన్లు కూడా పక్కన తీసి పెట్టుకోండి. మిగతావి వారం ఆగినా ఏమీ కాదు.

ఎవరికైనా జ్వరం వస్తే మామూలు ఫ్లూ అనుకుని ఊరుకోకండి. డాక్టర్‌కి మొదటి మాటగానే ఇండియా నుంచి వచ్చామని, ఏ ఊళ్లో ఎన్నాళ్లు ఉన్నారో చెప్పండి. డెంగీ, టైఫాయిడ్, మలేరియా ఇక్కడి డాక్టర్లకి మొదట తట్టకపోవచ్చు. మలేరియా అయితే వచ్చిన కొన్ని నెలల తర్వాత కూడా బయటపడొచ్చు.

ఇవన్నీ అయ్యాక కూడా ఇల్లు కొన్నాళ్లు బోసిగానే ఉంటుంది. నెలరోజులు అమ్మానాన్నల మధ్య, చుట్టాల మధ్య ఉండి వచ్చి ఈ నిశ్శబ్దంలో పడితే ఎవరికైనా దిగులే, పిల్లలు తాతయ్య కావాలని ఏడిస్తే ఏడవనివ్వండి. అక్కడ వాళ్లకి ఇల్లు ఇంకా ఖాళీగా ఉంటుంది, కాబట్టి ఫోన్‌కి ఒక వేళ ఖాయం చేసుకోండి. ఇక్కడ రాత్రి ఎనిమిదంటే వాళ్లకి ఉదయం ఏడున్నర, కాఫీ వేళ. మార్చి రెండో ఆదివారం ఇక్కడ గడియారం గంట ముందుకి జరిగాక అదే ఎనిమిదికి అక్కడ ఆరున్నరే అవుతుంది, ఆ మార్పు సంగతి వాళ్లకి ముందే చెప్పి ఉంచండి.