పిల్లలతో పార్కుకి వెళ్తే అరగంటకే తిరుగుముఖం: కారణం ఎక్కడుంది, ఏం చేయాలి

ముందు ఒక ప్రశ్న. మొన్న పిల్లలతో బయటికి వెళ్లినప్పుడు, కూర్చునే ముందు నేల మీద చెయ్యి పెట్టి చూశారా?

వేడి నగరంలో షికారు చెడిపోయిందని చెప్పుకునేవాళ్లని నేను మొదట అడిగేది ఇదే. దాదాపు అందరూ లేదనే అంటారు. టోపీలు, నీళ్ల సీసాలు, నూలు బట్టలు అన్నీ సర్దుకుని వెళ్లినవాళ్లే. ఒక్క నేలనే ఎవరూ పట్టించుకోరు.

సమస్య: టికెట్ లేని చోటుకే వెళ్లాం, అయినా ఖర్చు తడిసి మోపెడైంది

ఆ ఖర్చు ఏ నిమిషంలో మొదలైందో గుర్తుచేసుకోండి. ఎవరో ఒకరు "ఇక్కడ ఉండలేం, ఏసీ ఉన్న చోటుకి పోదాం" అన్నప్పటి నుంచే కదా. చల్లటి చోట ఊరికే కూర్చోలేం, ఏదో ఒకటి కొనాలి. తర్వాత అందరూ అలిసిపోయి ఉంటారు కాబట్టి బస్సు వద్దని క్యాబ్ పిలుస్తాం. పిల్లలు అడిగినవి కొనడం వల్ల డబ్బు పోయిందని అనుకుంటాం గానీ, నిజానికి వేడి తట్టుకోలేక పారిపోవడం వల్ల పోయింది. కాబట్టి బడ్జెట్ కుదించుకోవడం కంటే ముందు వేడి సంగతి చూడాలి.

ఈలోగా ఒక జాగ్రత్త: నడిచి వెళ్లగలిగే దూరంలో, డబ్బు కట్టకుండా కూర్చోగలిగే చల్లటి చోటు ఒకటి ముందే చూసిపెట్టుకోండి. పబ్లిక్ లైబ్రరీ ఉంటే అంతకంటే మంచిది లేదు. అది ఆ రోజు తెరిచి ఉంటుందో లేదో బయల్దేరే ముందే కనుక్కోండి.

సమస్య: ఎండ తగ్గాకే వెళ్లాం, అయినా పిల్లలు పది నిమిషాలకే ఏడుపు

నన్ను ఎక్కువసార్లు దెబ్బతీసింది ఇదే, అందుకే వివరంగా చెబుతాను.

మా చిన్నదానికి రెండేళ్లప్పుడు, ఫౌంటెన్ ఉన్న ఒక పెద్ద రాతి ఆవరణకి వెళ్లేవాళ్లం. సాయంత్రం 5:30 దాటాకే. సూర్యుడు భవనాల వెనక్కి దిగిపోయేవాడు, ఆవరణంతా నీడే. యాప్‌లో 34 డిగ్రీలు. మాకు బాగానే ఉండేది. అది మాత్రం స్ట్రాలర్‌లో ముఖం ఎర్రబడి ఏడుపు అందుకునేది. ఆకలేమో అని తినిపించాం. నిద్రేమో అని జోకొట్టాం. మూడోసారి వెళ్లినప్పుడు దాని చెప్పు ఊడితే తొడుగుదామని మోకాలు నేలకి ఆనించాను. చురుక్కుమంది. దాని ముఖం ఎత్తులో నా ముఖం పెట్టి చూస్తే, కింద నుంచి ఒకటే సెగ. నిలబడి ఉన్న మాకు తెలియని ఆ వేడిలో పసిదాన్ని అన్నిసార్లు కూర్చోబెట్టామని తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

యాప్‌లో కనిపించేది నేల వేడి కాదు. నీడలో, గాలి ఆడే చోట, నేలకి సుమారు మీటరున్నర ఎత్తున ఉండే గాలి వేడి. అదే సమయంలో ఎండలో ఉన్న తారు 60 డిగ్రీలు దాటగలదు. రాయి, కాంక్రీటు, తారు పగలంతా తాగిన వేడిని పొద్దుగూకాక కూడా గంటల తరబడి వదులుతూనే ఉంటాయి. నగరానికీ చుట్టుపక్కల పల్లెలకీ మధ్య వేడి తేడా పగటికంటే రాత్రిపూట ఎక్కువగా తెలియడానికి ఇదొక ముఖ్య కారణం. చిన్నపిల్లలకి ఒంటి బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, కాబట్టి చుట్టూ ఉన్న వేడి వాళ్లకి మనకంటే త్వరగా ఎక్కుతుంది. పైగా వాళ్లు ఉండేదే నేలకి దగ్గరగా.

దీనికి పరిష్కారం పాత నీడ. గంటల నుంచి ఉన్న నీడని నేను పాత నీడ అంటాను, ఇప్పుడిప్పుడే పడినది కొత్త నీడ. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి, కింద నేల మాత్రం వేరు. మధ్యాహ్నం తర్వాత సూర్యుడు పడమటి వైపు ఉంటాడు. కాబట్టి ఎత్తైన భవనానికి గానీ, దట్టమైన చెట్ల వరసకి గానీ తూర్పు పక్కన అప్పటి నుంచే నీడ పడుతుంది. సాయంత్రం 5:30కి అక్కడి నేల నాలుగైదు గంటలుగా చల్లబడుతూ ఉంటుంది. అదే భవనానికి పడమటి గోడ అప్పటిదాకా ఎండలో కాగుతూనే ఉంటుంది. దాని పక్కన కూర్చుంటే వీపుకి పొయ్యి సెగ తగిలినట్టే. ఉదయం లెక్క తిరగబడుతుంది: పడమటి పక్క మంచిది, కానీ మధ్యాహ్నం కాకముందే అక్కడి నుంచి లేచిపోవాలి.

చోటు ఎంచుకున్నాక చేతి వెనక వైపు నేల మీద ఆనించి పది దాకా లెక్కపెట్టండి. చెయ్యి తీసేయాలనిపిస్తే అక్కడ కూర్చోవద్దు. తర్వాత పిల్లల ముఖం ఎత్తుకి వంగి ఒక నిమిషం ఉండి చూడండి. జారుడుబల్లనీ ఇలాగే ముట్టుకుని చూడాలి. ఆటస్థలంలో పరిచే రబ్బరు, ప్లాస్టిక్ గడ్డి పచ్చగా కనిపించి మోసం చేస్తాయి. ఎండ పడితే అవి మామూలు పచ్చిక కంటే చాలా ఎక్కువ కాగుతాయి. పొద్దుగూకాక వెళ్లేవాళ్లు చెట్ల కింద కంటే బయలుగా ఉన్న పచ్చిక మీద కూర్చోండి. పైన ఆకాశం తెరుచుకుని ఉంటే నేల వేడి త్వరగా పోతుంది.

స్ట్రాలర్ మీద దుప్పటో, పొడి గుడ్డో కప్పకండి. నీడ వస్తుంది గానీ గాలి ఆగిపోయి లోపల వేడి పెరుగుతుంది.

సమస్య: నీడలోనే ఉన్నాం, అయినా ఊపిరాడనట్టు ఉంది

తల పైకెత్తి చూడండి. రేకుల షెడ్డు అయితే సెగ రేకు నుంచే దిగుతోంది. చెట్టు కిందికి మారండి. ఆకులు నీటిని ఆవిరి చేస్తూ ఉంటాయి కాబట్టి రేకులా కాగవు. ఇప్పటికే చెట్టు కింద ఉంటే అది ఉక్కపోత. చెమట ఆరడం లేదన్నమాట. యాప్‌లో డ్యూ పాయింట్ (గాలిలో తేమ ఎంతుందో చెప్పే అంకె) 24 డిగ్రీలు దాటిన రోజు పరుగెత్తే ఆటలు మానేసి, గాలి తగిలే చోట కాసేపు కూర్చుని వచ్చేయండి.

సమస్య: ఉదయమే వెళ్దామనుకున్నాం, తీరా ఎండ ముదిరింది

బయల్దేరడం ఆలస్యమైంది, అంతే. సామాన్లు రాత్రే సర్దండి. రోజులో అన్నిటికంటే చల్లటి సమయం సూర్యోదయం ఛాయల్లోనే ఉంటుంది. టిఫిను ఇంట్లో ముగించుకుని బయల్దేరదామంటే ఆ చల్లదనం కాస్తా పోతుంది, కాబట్టి పట్టుకెళ్లి అక్కడే తినండి.

ఇక్కడ మాత్రం కారణాలు వెతుకుతూ కూర్చోవద్దు

పిల్లలు గానీ పెద్దలు గానీ పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ కావచ్చు. వెంటనే అంబులెన్స్ పిలవండి. అది వచ్చేలోపు నీడలోకి చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడుపుతూ విసరండి. స్పృహ లేనివాళ్లకి నీళ్లు తాగించకండి. ఆపి ఉన్న కారులో పిల్లల్ని ఒక్క నిమిషం కూడా వదలొద్దు. మూసిన కారులో పది నిమిషాలకే వేడి సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది.

మిగతావి

చెరువు గట్టున చల్లగా లేదంటే గట్టు రాళ్ల మీద చెయ్యి పెట్టి చూడండి, పైన చెప్పిన కారణమే. మబ్బు పట్టినా ముఖం కమిలిందంటే పల్చటి మబ్బు అతినీలలోహిత కిరణాలను పెద్దగా ఆపదు, టోపీ తీయొద్దు. కొత్త సన్‌స్క్రీన్ పడక దద్దుర్లు వస్తే కడిగేసి డాక్టరుకి చూపించండి.