మెయిల్ సర్వర్‌లో ఎలియాస్, యూజర్‌నేమ్ కొట్టుకోకుండా ఎలా పెట్టాలి?

కావలసినవి: పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపి, అందించే సాఫ్ట్‌వేర్) నడుస్తున్న లినక్స్ సర్వర్, దాని రూట్ (సర్వర్‌పై పూర్తి అధికారమున్న అకౌంట్) పాస్‌వర్డ్, ఒక తెల్లకాగితం. కాగితం చూసి నవ్వకండి. ఎడమపక్క మనుషుల పేర్లు, కుడిపక్క పదవులు రాయండి. మనిషికి యూజర్‌నేమ్, పదవికి ఎలియాస్. ఎలియాస్ అంటే సొంత ఇన్‌బాక్స్ లేకుండా, వచ్చిన మెయిల్‌ను వేరే పేరుకు అందించే మారుపేరు. 'ప్రిన్సిపాల్', 'అకౌంట్స్' అని లాగిన్లు అడిగితే నేనైతే ఇవ్వను.

మనుషులకు యూజర్లు చేయండి. ఈటీసీ ఫోల్డర్‌లో ఎలియాసెస్ ఫైల్ తెరిచి, వరుసకొకటిగా పదవి పేరు, కోలన్, మెయిల్ అందాల్సిన యూజర్‌నేమ్ రాయండి. పోస్ట్‌మాస్టర్ (సర్వర్ చూసుకునేవారికి మెయిల్ అందే పేరు) తప్పకుండా ఉండాలి, ఈమెయిల్ నియమాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 5321 చెప్పే మాట అది. రూట్‌కి వచ్చేవి కూడా ఎవరో ఒకరికి మళ్లించండి. సేవ్ చేసి న్యూఎలియాసెస్ కమాండ్ కొట్టండి. అది మరిచిపోతే సర్వర్ పాత జాబితానే చదువుతూ ఉంటుంది.

ఇక అందరూ బోల్తాపడే చోటు. లోకల్ డెలివరీలో పోస్ట్‌ఫిక్స్ ముందు ఎలియాస్ వెతుకుతుంది. అక్కడ దొరక్కపోతేనే యూజర్‌నేమ్ దగ్గరికి వెళ్తుంది. ఒకే పేరు రెండుచోట్లా ఉంటే ఎలియాస్‌దే పైచేయి. ఎర్రర్ రాదు, బౌన్స్ (అందలేదని చెప్పే తిరుగు మెయిల్) రాదు.

అనంతపురంలో ఒక కాలేజీ. 'అకౌంట్స్' ఎలియాస్ పాత క్లర్కు మీద ఉంది, ఆయనేమో గుత్తికి వెళ్లిపోయాడు. కొత్తగా చేరినామెకు ఎవరో మహానుభావుడు 'అకౌంట్స్' పేరుతోనే యూజర్ చేసిచ్చాడు. మూడు వారాలు ఆమె ఇన్‌బాక్స్ ఖాళీ. "సార్, పాస్‌వర్డ్ మారిస్తే వస్తాయా?" అని నాకు ఫోన్. లాగ్ (సర్వర్ రాసుకునే చిట్టా) తెరిస్తే 'ఒరిజ్ టూ' (మెయిల్ మొదట వచ్చిన పేరు) దగ్గర అకౌంట్స్, 'టూ' (చివరికి అందిన పేరు) దగ్గర పాత క్లర్కు పేరు, చివర 'సెంట్', అంటే అందించేసింది. సర్వర్ తప్పేం లేదు పాపం! ఆమె పేరుతో వేరే యూజర్ చేసి, ఎలియాస్‌ను దానికి తిప్పాను.

అందుకే కొత్త యూజర్ చేసేముందు ఆ పేరు ఎలియాసెస్‌లో ఉందేమో వెతకండి. ఎలియాస్ రాసేముందు యూజర్లలో వెతకండి. ఒకరి మెయిల్ ఆయనకూ, ఇంకొకరికీ వెళ్లాలంటే తప్పక ఒకే పేరు వాడాల్సి వస్తుంది. అప్పుడు కుడిపక్క ఆయన పేరుకు ముందు బ్యాక్‌స్లాష్ పెట్టండి. అది ఉంటే మళ్లీ ఎలియాస్ వెతక్కుండా నేరుగా మెయిల్‌బాక్స్‌లో వేస్తుంది. బయటి అకౌంట్‌కి మళ్లిస్తే మాత్రం, అక్కడినుంచి తిరిగి ఇక్కడికే ఫార్వర్డ్ లేదని కళ్లతో చూసుకోండి, లేకపోతే లూప్, అంటే మెయిల్ రెండిటి మధ్యా తిరుగుతూ ఉంటుంది.

లేని పేరుకు మెయిల్ వస్తే గుమ్మం దగ్గరే 550 (తీసుకోలేం అనే కోడ్) చెప్పి పంపేయాలి. లోపలికి తీసుకుని తర్వాత బౌన్స్ పంపితే, స్పామర్ దొంగతనంగా వాడుకున్న అడ్రస్ అసలు యజమానికి ఆ చెత్త పోతుంది. "ఏదీ పోకూడదు" అని క్యాచ్‌ఆల్ (లేని పేర్లకు వచ్చినవన్నీ ఒకే ఇన్‌బాక్స్‌లో వేసే ఏర్పాటు) పెట్టించుకునేవాళ్లున్నారు. వారంలో స్పామ్ చూసి వాళ్లే తీసేయమంటారు.

జీమెయిల్ చుక్కల్ని పట్టించుకోదు కదా అని ఇక్కడా అనుకోవద్దు. ఇక్కడ చుక్క ఉన్న పేరు వేరు, లేని పేరు వేరు. ఇక ఉద్యోగం మానేసినవాళ్ల యూజర్‌నేమ్ కొత్తవాళ్లకు ఇవ్వకండి. పాతవాళ్ల బ్యాంకు ఓటీపీలు ఇంకా దానికే వస్తుండొచ్చు.