పొగాకు పీల్చే చెక్క పైపు తయారీ – 5వ పాఠం: ఏ అతుకుకు ఏ జిగురు?

కిందటి పాఠంలో గిన్నె తొలిచాం, పొగదారికి బెజ్జం వేశాం. జిగురు మూత తీసేముందు, అది తగలకూడని చోట్లు చూద్దాం.

పొగాకు కాలే గిన్నెలో జిగురు చుక్క కూడా ఉండకూడదు. అక్కడి నిప్పు వేడి వందల డిగ్రీలు. జిగురు మాడితే ఆ పొగ నేరుగా నోట్లోకే పోతుంది. పగిలిన గిన్నెను అతికించి వాడమని నేనెవరికీ చెప్పను. పొగదారి లోపలా అంతే. కాడలోకి నోటి గొట్టం దూరే చోటు బిగుతు మీదే నిలవాలి. శుభ్రం చేయాలంటే అది ఊడి రావాలిగా!

ఇక మిగిలినవి రెండు: కాడ చివర అందానికి పెట్టే కొమ్ము లేదా ఇత్తడి కట్టు, అక్రిలిక్ నోటి గొట్టంలో దిగే డెల్రిన్ టెనన్. డెల్రిన్ అంటే నున్నటి గట్టి ప్లాస్టిక్, టెనన్ అంటే గొట్టాన్ని కాడతో కలిపే చిన్న ముక్క.

రెంటికీ నిదానంగా గట్టిపడే ఎపాక్సీయే మేలు. చెన్నై ప్యారీస్‌లోని హార్డ్‌వేర్ షాపుల్లో ఆరల్డైట్ స్టాండర్డ్ అని అడిగితే ఇస్తారు. రెండు ట్యూబుల నుంచీ సమానంగా పిండి, రంగు ఒకేలా అయ్యేదాకా కలపండి. అతికించాక 24 గంటలు ముట్టుకోవద్దు. ఐదు నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీ రకాలు చాలావరకు 60 డిగ్రీలకు అటూ ఇటూగా మెత్తబడిపోతాయి. మే నెల చెన్నై ఎండలో, అద్దాలెత్తిన కారు డ్యాష్‌బోర్డు అంత వేడీ ఎక్కుతుంది.

వడ్రంగి పని తెలిసినవాళ్ల చెయ్యి ఫెవికాల్ మీదకే పోతుంది. అందులోని నీళ్లను చెక్క పీల్చుకుంటుంది గానీ ఇత్తడి, అక్రిలిక్ పీల్చవు. పైగా కాడలో వేడీ తేమా రెండూ ఉంటాయి. ఫెవిక్విక్ పెళుసు. మన ఊరి ఉక్కపోతలో అతుకు చుట్టూ తెల్లటి పొర కూడా కడుతుంది. చెక్కపొడితో కలిపి, పైపు బయటి చిన్న గుంటలు పూడ్చడానికి మాత్రం బాగుంటుంది.

అసలు చిక్కు డెల్రిన్‌తోనే. దానికి ఏ జిగురూ సరిగా అంటుకోదు. అందుకే గొట్టంలో దిగే భాగాన్ని 120 నంబరు శాండ్ పేపర్‌తో గరుకు చేసి, చుట్టూ రెండు మూడు సన్నని గాడులు కొయ్యండి. అది దిగే గొట్టం బెజ్జం లోపలి గోడనూ గీరండి. ఎపాక్సీ ఆ గాడుల్లో గట్టిపడి టెనన్‌ను పట్టి ఉంచుతుంది. డెల్రిన్‌ను, ఇత్తడిని అసిటోన్‌తో తుడవచ్చు. అక్రిలిక్‌కు మాత్రం అది తగలనివ్వకండి, పగుళ్లు వస్తాయి. పొగదారి మూసుకుపోకుండా వాజలైన్ రాసిన పైపు క్లీనర్‌ను (నూలు చుట్టిన సన్నని తీగ) గుచ్చి ఉంచండి.

అభ్యాసం: పైపులు చేసే బ్రయర్ చెక్క మధ్యధరా ప్రాంతం నుంచి రావాలి, ఖరీదు. కాబట్టి టేకు ముక్కల మీద చేయండి. టేకులో నూనె ఉంటుంది గనక ముందు అసిటోన్‌తో తుడవాలి. ఒక ముక్కకు స్టాండర్డ్ ఎపాక్సీతో, ఇంకోదానికి ఐదు నిమిషాల రకంతో ఇత్తడి రేకు అతికించండి. మర్నాడు రెంటినీ జిప్ కవర్లో పెట్టి, పది నిమిషాలు వేడినీళ్లలో ముంచి తీయండి. గుడ్డతో పట్టుకుని మెలిపెట్టి చూడండి. ఏది ముందు కదిలిందో రాసి పెట్టుకోండి, రంగు వేసే పాఠం మొదలుపెట్టే ముందు దాని గురించి మాట్లాడదాం.