విశాఖకి చుట్టాలొస్తే కొండలూ ఎర్రమట్టి దిబ్బలూ ఎలా చూపించాలి?

విశాఖలో ఇల్లుంటే దసరా సెలవుల నుంచి సంక్రాంతి దాకా ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. వచ్చేవాళ్లు ఆర్కే బీచ్, కైలాసగిరి, సబ్‌మెరైన్ అంటూ ముందే లిస్టు వేసుకుంటారు. వాటికి ఒక సాయంత్రం చాలు. మిగిలిన రోజుల్లో రెండు మాత్రం కొండలకీ, ఎర్రమట్టి దిబ్బలకీ ఉంచండి. ఇలాంటి నేల వాళ్ల ఊళ్లో దొరకదు, మనకి ఇంటి పక్కనే ఉంది.

చూపించడానికి ఒక వరస కావాలి. నేను నమ్మే వరస గోస్తనీ నది వెంట పైనుంచి కిందకి రావడం. అది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి జలాశయంలో నిండి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. భీమిలికి కాస్త ఇవతలే ఎర్రమట్టి దిబ్బలు. ఈ క్రమంలో తిప్పితే చుట్టాలకి విడివిడి టూరిస్టు స్పాట్లు కాకుండా, నీళ్లు కొండనీ నేలనీ ఎలా చెక్కుతాయో కళ్లకి కడుతుంది.

1. టికెట్ల కంటే ముందు మోకాళ్ల సంగతి అడగండి

ఫోన్లో మొహమాటం లేకుండా అడిగేయండి: "పెద్దమ్మా, మెట్లు దిగి ఎక్కగలవా?" బొర్రా గుహల్లో మెట్లు చాలా ఉన్నాయి, తడిగా కూడా ఉంటాయి. దిగడం సులువే, తిరిగి ఎక్కేటప్పుడే ఆయాసం. దిగలేని పెద్దవాళ్లకి గుహ ముఖద్వారం దగ్గర నుంచి చూసినా ఆ లోతు తెలుస్తుంది. వాళ్లతో పాటు ఇంట్లో ఒకరు బయట ఉండేలా ముందే అనుకోండి. అక్కడికి వెళ్లాక తేల్చుకుందాంలే అంటే అందరికీ టెన్షన్.

కాలం సంగతి కూడా అప్పుడే చెప్పండి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. నవంబరు, డిసెంబరుల్లో వస్తే అరకు పొలాల్లో వలిసె పూలు పసుపుపచ్చగా విరగబూసి ఉంటాయి. డిసెంబరు ఆఖరి వారం, శని ఆదివారాలు మాత్రం తప్పించండి. ఘాట్ రోడ్డు మీద బండ్ల వెనక బండ్లు నిలిచిపోతాయి. పెద్ద వానలప్పుడు కొండచరియలు పడే ప్రమాదం ఉంటుంది, ఆ రోజుల్లో ప్రయాణమే వద్దు.

2. ఎక్కేటప్పుడు రైలు, దిగేటప్పుడు కారు

చాలామంది కారులోనే వెళ్లి కారులోనే వస్తారు. రైలు మిస్సయితే సగం అందం పోయినట్టే. పొద్దున్నే విశాఖ నుంచి బయల్దేరే కిరండూల్ పాసింజర్ ఎక్కించండి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి తేవడానికి 1960ల్లో వేసిన లైను ఇది. కొత్తవలస దాటాక కొండ ఎక్కడం మొదలుపెడితే సొరంగం వెంట సొరంగం. ఒక చీకటికీ ఇంకో చీకటికీ మధ్య లోయ కనబడి మాయమవుతుంది. పిల్లలు ప్రతి సొరంగంలో అరుస్తారు, అరవనివ్వండి. అద్దాల విస్టాడోమ్ బోగీ 2017లో వచ్చింది. అందులో సీట్లు త్వరగా అయిపోతాయి కాబట్టి చుట్టాల రాక ఖాయం కాగానే బుక్ చేయండి. దొరక్కపోతే మామూలు బోగీలో కిటికీ పక్క సీటూ బాగానే ఉంటుంది, పైగా కొండగాలి మొహానికి తగులుతుంది.

కారుని డ్రైవర్‌తో పొద్దున్నే ఎస్.కోట (శృంగవరపుకోట) మీదుగా పంపేయండి. మీరు బొర్రా గుహలు స్టేషన్‌లో దిగేసరికి అతను అక్కడ ఉంటాడు. ఊరి నుంచి రోడ్డున తొంభై కిలోమీటర్ల దాకా ఉంటుంది.

ఇడ్లీలు ఇంట్లోనే కట్టుకోండి. ఘాట్‌లో వాంతులయ్యేవాళ్లని ముందు సీట్లో కూర్చోబెట్టి, ఒక నిమ్మకాయ, రెండు కవర్లు చేతికివ్వండి. నూనె సరుకు పెట్టకండి.

3. బొర్రాలో పరుగు వద్దు

గుహల బయట కోతులు చేతిలో ఏది కనబడినా లాక్కుంటాయి, పిల్లల చేతుల్లో బిస్కెట్ ప్యాకెట్లు పెట్టకండి. లోపలికి వెళ్లాక రంగు లైట్ల కింద ఫొటోలు దిగుతూ అందరూ ముందుకి పోతూనే ఉంటారు. మీరు చుట్టాల్ని ఒక మూల ఆపండి. పైకప్పు నుంచి వేలాడే సున్నపురాయి కొసన ఒక నీటిబొట్టు కనబడుతుంది. అది లావెక్కి, కాసేపు వణికి, కింద ఉన్న మొద్దు మీద పడుతుంది. వాననీరు మట్టిలోంచి దిగేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని సున్నపురాయిని కరిగిస్తుంది. బొట్టుగా వేలాడేటప్పుడు అందులోని సున్నం కొంచెం పైన, కొంచెం కింద మిగిలిపోతుంది. పైది కిందకి, కిందది పైకి పెరుగుతూ ఎక్కడో ఒక చోట కలిసి స్తంభమవుతాయి. ఈ మాట అక్కడే, ఆ బొట్టు ముందే చెప్పాలి. తర్వాత వాళ్లే అలాంటివి వెతుక్కుంటూ నడుస్తారు. వాటిని మాత్రం ముట్టుకోనివ్వకండి. చేతి జిడ్డు అంటిన చోట రాయి పెరగడం ఆగిపోతుంది.

ఓపిక ఉంటే అరకు దాకా వెళ్లి గిరిజన మ్యూజియం చూడండి. ముసలివాళ్లు, చంటిపిల్లలు ఉంటే అనంతగిరి నుంచే వెనక్కి తిరగడం మంచిది. అక్కడ కాఫీ తోటల్లో నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు పాకి ఉంటాయి. చూపిస్తే మిరియం తీగకి కాస్తుందా అని ఆశ్చర్యపోయే అత్తయ్యలు ఉంటారు. బొంగు చికెన్ తినాలనుకుంటే కళ్లముందు కాల్చి, బొంగు చీల్చి ఇచ్చే చోటే తినండి. గాలికొండ వ్యూ పాయింట్ పొగమంచు లేని మధ్యాహ్నమే బాగా కనబడుతుంది. చీకటి పడకముందే ఘాట్ దిగిపోవాలి, ఇందులో ఎవరి మాటా వినకండి.

కిందకి వచ్చాక తాటిపూడి గురించి చెప్పండి. విశాఖకి తాగునీరిచ్చే జలాశయాల్లో అదొకటి. గుహలో చూసిన నది నీళ్లే మన కుళాయిల దాకా వస్తున్నాయంటే చుట్టాలకి ఆ ప్రయాణం ఇంకాస్త దగ్గరవుతుంది.

4. మర్నాడు పొద్దున ఇల్లు కదలొద్దు

కొండ దిగిన మర్నాడు ఒళ్లు నొప్పులుంటాయి. సింహాచలం దర్శనం అడిగితే దానికి వేరే రోజు పెట్టండి. ఈ రోజు బాగా తిని, నిద్రపోయి, మూడు గంటలకి బయల్దేరండి. భీమిలి బీచ్ రోడ్డులో వెళ్తుంటే దారిలో తొట్లకొండ వస్తుంది. బౌద్ధ ఆరామ శిథిలాలు, పైనుంచి సముద్రం. కారు పైదాకా వెళ్తుంది కాబట్టి పెద్దవాళ్లకి ఇబ్బంది లేదు.

5. దిబ్బల దగ్గర నెమ్మదిగా

ఎర్రమట్టి దిబ్బలకి సాయంత్రం నాలుగు దాటాక చేరాలి. మధ్యాహ్నం ఎండకి ఆ నేల వెలవెలబోయినట్టు ఉంటుంది. పొద్దు వాలేకొద్దీ గోడల ఎరుపు చిక్కబడుతుంది, ప్రతి గాడీ నీడతో విడిగా కనబడుతుంది. తెల్ల బట్టలు వద్దు, చెప్పుల కంటే బూట్లు నయం. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడే నీళ్ల సీసాలు నింపుకోండి.

ముందు పైనుంచి ఒకసారి చూపించి, తర్వాత కిందకి దింపండి. రెండు వైపులా ఎర్రటి గోడలు, మధ్యలో వానకాలం నీళ్లు పారిన ఇసుక దారి, పైన అంచుల్లోంచి వేలాడే చెట్ల వేళ్లు. ఇక్కడ చిటికెడు మట్టి చేతిలోకి తీసుకుని అందరి అరచేతుల్లో తలా కొంచెం వేయండి. మట్టి అంటాం కానీ అది ఇసుక. వేళ్ల మధ్య నలిపితే గరగరలాడుతుంది, వేలికొసలకి ఎరుపు అంటుకుంటుంది. ఆ ఎరుపు ఇనుప ఆక్సైడ్, ఇసుక రేణువులకి పట్టిన పూత. వెనక తూర్పు కనుమల్లోని ఖోండలైట్ రాయి పగిలి, అరిగి, సముద్రపు ఒడ్డుకి చేరిన ఇసుక వేల ఏళ్లుగా ఇక్కడ మేటలు వేసింది. దాన్ని వాననీరు కోస్తూ పోతే ఈ గాడులు ఏర్పడ్డాయి. కోసింది గోస్తనీ కాదు, చిన్న చిన్న వాన గెడ్డలు, అంటే వాగులు. నిన్న గుహలో రాయిని కరిగించిన వాననీరే ఇవాళ ఇసుకని కోసిందని చెప్పండి, పిల్లలకి ఇట్టే అర్థమవుతుంది.

ఇలాంటి ఎర్ర ఇసుక మేటలు దక్షిణాసియాలో ఇక్కడ కాక తమిళనాడు, శ్రీలంక తీరాల్లోనే ఉన్నాయని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించారు. 2025 సెప్టెంబరులో తిరుమల కొండలతో పాటు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకీ వెళ్లింది. తిరుమల పేరు చెప్పగానే మావయ్యలు శ్రద్ధగా వింటారు.

ఇక్కడ కొంచెం గట్టిగా ఉండాలి. అంచుల మీద నిలబడి సెల్ఫీలు వద్దు, కింద వాన తొలిచేసిన అంచు ఎప్పుడు జారుతుందో తెలియదు. గోడల మీద పేర్లు చెక్కనివ్వకండి. ఒక్క గీత పడితే వచ్చే వానకి నీళ్లు అక్కడినుంచే కోత మొదలుపెడతాయి. గుర్తుగా మట్టి తీసుకెళ్తామంటే ఒప్పుకోకండి, ఫొటోలు ఎన్నయినా తీసుకోమనండి. మలుపులన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి పిల్లలు తప్పిపోతారు. ఒక పెద్దవాడు ముందు, ఒకడు చివర నడవాలి.

వెలుతురు ఉండగానే పైకొచ్చి, భీమిలి దాకా వెళ్లి గోస్తనీ సముద్రంలో కలిసే చోట ఆగండి. ఆకలేస్తే అక్కడ ముంత మసాలా తినొచ్చు, రాత్రి భోజనం మాత్రం ఇంట్లోనే.

చుట్టాలకి ఒక్క రోజే ఉంటే ఏది చూపించాలి? నన్నడిగితే దిబ్బలే. కొండలు, గుహలు ఇంకోచోట కూడా చూస్తారు. పొద్దున సింహాచలం, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం దిబ్బలు పెట్టుకుంటే రాత్రి రైలుకి హాయిగా అందుకుంటారు. స్టేషన్‌కి వెళ్లేముందు మాడుగుల హల్వా ప్యాకెట్ ఒకటి బ్యాగులో పెట్టండి.