పరాయివాళ్ళ కుక్కను ఇంట్లో పెట్టుకునే ముందు

సంక్రాంతి దగ్గర పడుతుంటే హైదరాబాద్‌లో కుక్క ఉన్న ప్రతి ఇంట్లో ఒకటే టెన్షన్: మనం ఊరెళ్తే దీన్ని ఎవరు చూస్తారు? రైల్లో పక్కన కూర్చోబెట్టుకోవాలంటే ఫస్ట్ క్లాస్‌లో కూపేనో క్యాబినో మొత్తం మనకే దొరకాలి. లేదంటే బ్రేక్ వ్యాన్‌లో పెట్టెలో వెయ్యాలి. బస్సుల్లో చాలావరకు ఎక్కనివ్వరు. అందుకే ఇంట్లోనే ఉంచుకుని చూసుకునేవాళ్ళ కోసం వెతుకుతారు. సైనిక్‌పురిలో మా ఇంట్లో కొన్నేళ్ళుగా నేను చేస్తున్న పని ఇదే. మొదలుపెడదామనుకునేవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది రేటు గురించి, తిండి గురించి. నా లెక్కలో సగానికి పైగా పని కుక్క మన గడప తొక్కకముందే అయిపోవాలి. కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తాను.

మొదట ఇల్లు. గేటు ఊచల మధ్య సందులోంచి షిట్జూ లాంటి చిన్న కుక్క ఇట్టే దూరిపోతుంది, కింది నుంచి రెండడుగుల ఎత్తు వరకైనా ఇనుప జాలీ వేయించండి. వరండాకి గ్రిల్ తలుపు ఉండి తీరాలి. గేటు తీసినప్పుడు గ్రిల్ మూసి ఉండాలి, గ్రిల్ తీసినప్పుడు గేటు మూసి ఉండాలి. పాలబ్బాయి, గ్యాస్ బండివాళ్ళు, పార్సిల్ తెచ్చే పిల్లలు, ఎవరొచ్చినా ఇంట్లో అందరూ పాటించాల్సిన పద్ధతి ఇది. కొత్త ఇంట్లో మొదటి రెండు మూడు రోజులు కుక్క మనసంతా బయటికి పోవడం మీదే ఉంటుంది. హస్కీలు గోడ ఎక్కుతాయి, బీగిల్ వాసన పట్టుకుని వెనక్కి చూడకుండా పోతుంది. అందుకే ఏ కుక్క వచ్చినా ముందు దాని మెడకి నా ఫోన్ నంబరున్న బిళ్ళ తగిలిస్తాను. ఓనర్ నంబరున్న బిళ్ళ ఉన్నా సరే, ఎందుకంటే ఆ సమయానికి ఆ ఓనర్ విమానంలో ఉండొచ్చు. బయటికి తీసుకెళ్ళేటప్పుడు మెడబెల్టుకి ఒక తాడు, ఛాతీ చుట్టూ కట్టే హార్నెస్‌కి ఒక తాడు. భయపడిన కుక్క తల వెనక్కి లాగిందంటే మెడబెల్టు ఊడి చేతికొస్తుంది.

ఇక మొదటి ఫోన్ కాల్. "కరుస్తుందా?" అని అడగకండి. "మావాడు ఎవర్నీ ఏమీ అనడు ఆంటీ" అనే అంటారు. అది అబద్ధం కాదు, వాళ్ళింట్లో వాడు నిజంగానే ఏమీ అనడు. ఇలా అడగండి: తింటున్నప్పుడు గిన్నె దగ్గర చెయ్యి పెడితే ఏం చేస్తాడు? సోఫా మీంచి దిగమంటే? గోళ్ళు ఎవరు తీస్తారు, అప్పుడు మూతికి మజిల్ బుట్ట వేస్తారా? ఒంటరిగా ఎంతసేపు ఉండగలడు? ఉరుములొస్తే ఎక్కడ దాక్కుంటాడు? ఆడకుక్క అయితే చివరిసారి హీట్‌కి, అంటే ఎదకి, ఎప్పుడొచ్చింది? మామూలుగా ఆరు నెలలకోసారి వస్తుంది, మూడు వారాలుంటుంది. ఆ రోజుల్లో నేను తీసుకోను. అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న చివర్లో అడుగుతాను: "ఇంతకుముందు ఎక్కడ వదిలారమ్మా? ఈసారి అక్కడికే ఎందుకు వెళ్ళట్లేదు?" దీనికి వచ్చే జవాబులో కుక్క సంగతీ తెలుస్తుంది, ఓనర్ సంగతీ తెలుస్తుంది.

టీకాల పుస్తకం ఫోటో వాట్సాప్‌లో తెప్పించుకోండి. అన్నీ వేయించామనే మాట చాలదు. స్టిక్కరు, తేదీ, డాక్టరు స్టాంపు కనపడాలి. రేబిస్ టీకా, అలాగే పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణాంతక వైరస్ జబ్బులకి కలిపి వేసే టీకా గడువులో ఉన్నాయో లేదో చూడండి. నాలుగు కుక్కలు కలిసే చోటు కాబట్టి కెన్నెల్ కాఫ్ అనే అంటుదగ్గు టీకా కూడా నేను అడుగుతాను. అసలెప్పుడూ టీకా పడని కుక్కకి నిన్న మొదటి డోసు వేయించామంటే లాభం లేదు, అది పనిచెయ్యడానికి వారాలు పడుతుంది. నాలుగు నెలలు నిండని కుక్కపిల్లల్ని ఎంత బతిమాలినా తీసుకోను. వాటి టీకాల కోర్సు అప్పటికి పూర్తికాదు. పార్వో వస్తే పిల్ల దక్కడం కష్టం, పైగా ఆ వైరస్ నేలమీద నెలల తరబడి బతికుంటుంది.

పిడుదుల విషయంలోనూ ఇంతే గట్టిగా ఉండండి. పిడుదు జ్వరం మన ఊళ్ళలో కుక్కల్ని చాలా ఇబ్బంది పెట్టే జబ్బు. ఎర్లిక్యా, బెబీసియా అని డాక్టర్లు చెప్పేవి పిడుదుల ద్వారా వచ్చేవే. టాబ్లెట్లలో కొన్ని నెల పనిచేస్తాయి, కొన్ని దాదాపు మూడు నెలలు. ఏది ఏ తేదీన వేశారో రాసుకోండి. కుక్క రాగానే గేటు దగ్గరే చెవుల లోపల, కాలి వేళ్ళ సందుల్లో, మెడబెల్టు కింద, తోక మొదట్లో వేళ్ళతో తడిమి చూడండి. ఓనర్ ఉండగానే చూడండి, తర్వాత మీ ఇంట్లోనే పట్టాయనే మాట రాకుండా ఉంటుంది.

ట్రయల్ లేకుండా ఎవర్నీ తీసుకోవద్దు. ప్రయాణానికి రెండు మూడు వారాల ముందు ఒక పగలు, ఆ తర్వాత ఒక రాత్రి ఉంచమనండి. దానికీ డబ్బు తీసుకోండి, అది కూడా పనే. రాత్రంతా తలుపు గీకుతూ ఏడ్చిందనుకోండి, ఓనర్‌కి ఇంకో ఏర్పాటు చూసుకోవడానికి టైముంటుంది. వాళ్ళు అమెరికా వెళ్ళాక ఆ సంగతి బయటపడితే అందరికంటే ఎక్కువ బాధపడేది ఆ కుక్కే.

మీ ఇంట్లో సొంత కుక్క ఉంటే మొదటి పరిచయం ఇంట్లో పెట్టకండి. మా చుక్క నాటు కుక్క, ఇల్లు తనదే అనుకుంటుంది. దాన్ని మావారు పట్టుకుంటారు, వచ్చినదాన్ని నేను పట్టుకుంటాను. వీధిలో పదడుగుల ఎడంగా ఇద్దరం ఒకే దిక్కుకి నడుస్తాం. ఒకదాన్నొకటి పట్టించుకోవడం మానేశాక దగ్గరికి వస్తాం, తర్వాత కలిసే లోపలికి వెళ్తాం. అప్పటికే గిన్నెలు, బొమ్మలు, చుక్క పరుపు తీసేసి ఉంటాయి. ఒళ్ళు బిగబట్టి, కళ్ళార్పకుండా చూస్తూ, తోక నిలబెట్టిందంటే వెంటనే విడదీయండి. గుర్రుమంటే తిట్టకండి. గుర్రుమనడం అది మనకిచ్చే హెచ్చరిక, తిట్టి తిట్టి మాన్పిస్తే ఈసారి హెచ్చరించకుండానే కరుస్తుంది. తిండి మాత్రం ఎంత స్నేహం కుదిరినా వేర్వేరు గదుల్లో, తలుపులు మూసే పెట్టాలి. మేం బయటికెళ్ళినా అంతే, కలిపి వదలం.

మొదటి రోజు చాలా కుక్కలు తినవు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క ఒక రోజు తినకపోయినా కంగారు లేదు, నీళ్ళు తాగుతోందా లేదా చూడండి. ఇంట్లో తినే తిండినే తెమ్మనండి. ఉతకని పాత దుప్పటి కూడా ఒకటి తెమ్మనండి, ఆ వాసనకి పడుకుంటుంది. మొదటి రాత్రి నేను హాల్లో చాప వేసుకుని దాని పక్కనే పడుకుంటాను. బెంగకి విరేచనం కాస్త పల్చగా కావొచ్చు. రక్తం పడినా, వాంతులు ఆగకపోయినా, రెండోరోజూ తినకపోయినా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఇంట్లో పెద్దవాళ్ళకి ముందే చెప్పండి. మా అత్తయ్యకి ఏ ప్రాణి ఎదురుగా నిలబడి చూసినా పెట్టకుండా ఉండబుద్ధి కాదు. ఆవిడ ప్రేమకి అడ్డం చెప్పకుండా ఉడికించిన గుమ్మడికాయ ముక్కలు ఒక డబ్బాలో పెట్టి ఇచ్చాను. కిస్‌మిస్ వేసిన పాయసం, ద్రాక్ష, చాక్లెట్, ఉల్లిపాయ పడిన కూరలు కుక్కలకి విషం. వండిన కోడి ఎముకలు విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి.

ఎండాకాలం సెలవుల్లో బుకింగులు ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువే. పగ్, షిట్జూ, బుల్‌డాగ్ లాంటి పొట్టి ముక్కు కుక్కలు వేడికి అసలు తట్టుకోలేవు. కరెంటు పోతే ఫ్యాన్ నడిచే ఇన్వర్టర్ లేకపోతే మే నెలలో వాటిని ఒప్పుకోకండి. నడక తెల్లవారుజామున, మళ్ళీ రోడ్డు చల్లబడ్డాకే. ఆగకుండా రొప్పుతూ, చొంగ కారుస్తూ తూలిందంటే వడదెబ్బే. మామూలు నీళ్ళతో ఒళ్ళంతా తడిపి, ఫ్యాన్ పెట్టి, అలాగే హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి. ఐసునీళ్ళు పొయ్యకండి. కుక్కకి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీలుంటుంది, 104 దాటిందంటే క్షణం ఆగకూడదు. మనం వేసుకునే జ్వరం, నొప్పుల మాత్రలు ఎప్పుడూ వెయ్యొద్దు, ప్రాణం మీదికి వస్తుంది.

దీపావళికి సాయంత్రం నడక నాలుగింటికే ముగించి, కిటికీలు మూసి, లోపలి గదిలో టీవీ పెట్టి పక్కన కూర్చోవడమే.

ఒక పేజీ కాగితం మీద సంతకం తీసుకోండి. అందులో కుక్కని చూసే డాక్టరు నంబరు, ఓనర్ దొరకనప్పుడు నిర్ణయం చెప్పగలిగిన మనిషి, అడక్కుండా ఎంతవరకు వైద్యం చేయించవచ్చో ఆ మొత్తం ఉండాలి. రాత్రిపూట తెరిచి ఉండే హాస్పిటల్ ఏదో ముందే వెళ్ళి చూసి రండి. పగలైతే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది.

కరిచిందంటే, చిన్న గాటైనా, సబ్బు పెట్టి పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు డాక్టర్ని కలవండి. కుక్కకి టీకాలు పడ్డాయి కదా అని ఊరుకోవద్దు. నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో, నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌లో రేబిస్ టీకా వేస్తారు. ఆ కుక్కని 10 రోజులు గమనించాలి. ఈ పనిలో ఉండేవాళ్ళు ముందుజాగ్రత్త డోసులు వేయించుకోవడం మంచిది, మేమిద్దరం వేయించుకున్నాం.

రేటు మీ ఏరియాని బట్టి. నేను రోజుకి 700 తీసుకుంటాను, పండగలకి సగం అడ్వాన్సు. ఒకేసారి ముగ్గురు అతిథుల్ని మించి ఉంచను. పక్కింటివాళ్ళకి ముందే చెప్పి, వీధిలో పడిన మలం ఎత్తేస్తే గొడవలు చాలావరకు రావు.

కుక్క వెళ్ళాక నేల ముందు మామూలుగా కడిగి, తర్వాత ఒక పాలు లిక్విడ్ బ్లీచ్‌కి 30 పాళ్ళ నీళ్ళు కలిపి తడిపి పది నిమిషాలు వదలండి. ఫినాయిల్‌కి పార్వో చావదు.

ఓనర్‌కి రోజూ ఒక వీడియో పంపండి. అప్పగించేటప్పుడు అన్నీ చెప్పండి: ఏ పూట తినలేదు, ఎవరితో పోట్లాడింది, ఎక్కడ గీసుకుంది. ఇంటికెళ్ళాక ఒకరోజు బాగా పడుకుంటుంది, అది అలసటే. కానీ ఆ వారం రెండు వారాల్లో దగ్గు, వాంతులు, విరేచనాలు మొదలైతే ముందు నాకు ఫోన్ చెయ్యమంటాను. అదే సమయంలో మా ఇంట్లో ఉండి వెళ్ళిన మిగతా కుక్కల వాళ్ళకి నేను ఆ రోజే చెప్పాలి.