ఇంటి టీవీలో రికార్డింగు – మూడవ పాఠం: చోటు లెక్క, సమయం లెక్క

మీ సెట్‌టాప్ బాక్సుకున్న యూఎస్‌బీ పోర్టు రికార్డింగుకు పనికివస్తుందా, లేక ఫోటోలు, పాటలు చూపడానికే పరిమితమా అన్నది గత పాఠంలో తేల్చుకున్నాం. పనికివస్తుందని తేలినవారు ఈ పాఠంలో రెండు లెక్కలు నేర్చుకోవాలి. రికార్డింగు పాడైందని మా వీధిలో నన్ను పిలిచిన ఇళ్లలో చాలావాటిలో బాక్సు బాగానే ఉండేది. చోటు ఎంత కావాలో, సమయం ఎంత పెట్టాలో ముందుగా ఎవరూ చూసుకోకపోవడం వల్లనే కార్యక్రమం చేజారేది.

ముందుగా చోటు. ప్రసారం సెకనుకు ఇన్ని మెగాబిట్ల చొప్పున ఇంటికి చేరుతుంది. బాక్సు ఆ ప్రవాహాన్ని దాదాపు ఉన్నది ఉన్నట్టుగానే డిస్కులోకి దింపుతుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక, సెకనుకు 8 మెగాబిట్లు వచ్చే హెచ్‌డీ ఛానలు సెకనుకు ఒక మెగాబైటు, గంటకు 3,600 మెగాబైట్లు, అంటే 3.6 గిగాబైట్లు ఆక్రమిస్తుంది. సెకనుకు 3 మెగాబిట్లు వచ్చే మామూలు ఛానలుకు గంటకు 1.35 గిగాబైట్లు చాలు. ఛానలును బట్టి ఈ అంకెలు మారతాయి కాబట్టి వీటిని కొలబద్దగా మాత్రమే తీసుకోండి. ఈ లెక్కన 32 గిగాబైట్ల పెన్‌డ్రైవులో హెచ్‌డీ సుమారు ఎనిమిది గంటలు పడుతుంది. వారానికి ఆరు రోజులు వచ్చే అరగంట సీరియలును మామూలు ఛానలులో రికార్డు చేస్తే వారానికి సుమారు నాలుగు గిగాబైట్లు పడుతుంది. అమ్మమ్మ సీరియలు ఒక్కటే అయితే పెన్‌డ్రైవు సరిపోతుంది. దానికి తోడు పోటీ పరీక్షలకు చదివే అబ్బాయి తెలంగాణ ప్రభుత్వ విద్యా ఛానలు టీ-శాట్ నిపుణలో వచ్చే పాఠాలను కూడా దాచుకోవాలనుకుంటే 500 గిగాబైట్ల హార్డ్‌డిస్కు కొనడమే మేలు.

కొనేటప్పుడు రెండు విషయాలు గమనించాలి. బాక్సులోని యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం 500 మిల్లీ ఆంపియర్ల కరెంటునే ఇస్తుంది. కొన్ని హార్డ్‌డిస్కులు తిరగడం మొదలుపెట్టే క్షణంలో అంతకన్నా ఎక్కువ లాగుతాయి. డిస్కు టిక్కు టిక్కుమంటూ తిరగకుండా ఆగిపోతే కారణం చాలాసార్లు ఇదే, అప్పుడు విడిగా అడాప్టరు ఉన్న డిస్కు కావాలి. రెండవది నకిలీ సరుకు. పైన 512 అని రాసి, లోపల అందులో పదో వంతు కూడా లేని పెన్‌డ్రైవులు అతి చవకగా దొరుకుతాయి. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి కంప్యూటర్ల బజారు సీటీసీలో కొన్నా, కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నా బిల్లు తీసుకోండి. ఇంటికి రాగానే కంప్యూటరుకు పెట్టి, నిండేదాకా వీడియోలు ఎక్కించి, చివరగా ఎక్కించిన వీడియో ఆడుతుందో లేదో చూడండి. ఈ పరీక్షకు ఒక పూట పట్టినా దీన్ని మానవద్దని గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే నకిలీ డ్రైవు రికార్డింగు జరిగినట్టే చూపించి, చూడబోయేసరికి ఖాళీగా మిగులుతుంది.

డ్రైవును మొదటిసారి పెట్టగానే బాక్సు ఫార్మాట్ చేయమంటారా అని అడగవచ్చు. ఒప్పుకుంటే అందులో ఉన్నదంతా పోతుంది కనుక పెళ్లి ఫోటోలున్న పెన్‌డ్రైవును ఈ పనికి వాడకండి. ఫార్మాట్ అంటే డ్రైవును చెరిపి, ఫైళ్లు దాచే పద్ధతిని కొత్తగా అమర్చడం. ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ అయిన డ్రైవులో ఒక ఫైలు నాలుగు గిగాబైట్లకు మించకూడదు. పైన చెప్పిన హెచ్‌డీ లెక్కన అది సుమారు 71 నిమిషాలు. మంచి బాక్సులు అక్కడ ఫైలును ముక్క చేసి రెండో ఫైలు మొదలుపెడతాయి. కొన్ని అక్కడితో ఆగిపోతాయి. మీ రికార్డింగులన్నీ గంటా పది నిమిషాల దగ్గరే తెగుతున్నాయంటే బాక్సును అనుమానించక ముందు ఫార్మాట్ చూడండి.

ఇక సమయం. రిమోట్‌లో గైడ్ నొక్కితే కార్యక్రమాల పట్టిక వస్తుంది. అందులో కావలసిన కార్యక్రమం మీద నిలిచి, రికార్డు నొక్కితే టైమర్ పడుతుంది. అయితే గైడ్‌లో కనిపించే వేళ ఛానలువారు ముందుగా వేసుకున్న అంచనా మాత్రమే. ఒక శ్రీరామనవమికి మా అమ్మ గుడికి వెళుతూ భద్రాచలం కల్యాణాన్ని రికార్డు చేయమని నాకు చెప్పింది. గైడ్ చూపిన వేళకే టైమర్ పెట్టాను. మిథిలా ప్రాంగణంలో కల్యాణం అనుకున్నదానికన్నా ఆలస్యంగా సాగింది. జీలకర్ర బెల్లం వరకు వచ్చిన రికార్డింగు ముత్యాల తలంబ్రాలకు ముందే ఆగిపోయింది. సాయంత్రం టీవీ ముందు కూర్చున్న అమ్మ ఏమీ అనలేదు గానీ, ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటినుంచి రోజువారీ సీరియలుకు ముందు ఐదు నిమిషాలు, తరువాత పది నిమిషాలు కలుపుతున్నాను. కల్యాణం, క్రికెట్ వంటి ప్రత్యక్ష ప్రసారాలకైతే చివర గంట కలుపుతున్నాను. గంట అదనంగా పెడితే పోయేది నాలుగు గిగాబైట్ల లోపు చోటే, దాన్ని మరునాడు చెరిపేసుకోవచ్చు.

చాలా బాక్సుల్లో ట్యూనరు, అంటే ఛానలును పట్టే భాగం, ఒక్కటే ఉంటుంది. ఒక ఛానలు రికార్డవుతుండగా మరో ఛానలుకు మారబోతే, రికార్డింగు ఆపమంటారా అని బాక్సు అడుగుతుంది. చదవకుండా ఓకే నొక్కే పిల్లల వల్ల ఎన్నో ఎపిసోడ్లు సగంలో తెగుతాయి. రాత్రి ఎనిమిదికి రెండు కార్యక్రమాలు ఢీకొంటే, ఒకదాన్ని మరునాటి పునఃప్రసారంలో పట్టుకోవడం తేలిక. టైమర్ పెట్టాక బాక్సును రిమోట్‌తో స్టాండ్‌బైలో ఉంచండి. పడుకునే ముందు గోడ దగ్గర స్విచ్చులన్నీ కట్టేసే మంచి అలవాటు ఉన్న ఇళ్లలో ఈ ఒక్క స్విచ్చుకు మినహాయింపు ఇవ్వాలి. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే రెప్పపాటులో బాక్సు ఆగి మళ్లీ లేవవచ్చు. అలా లేచిన బాక్సు ఆగిన రికార్డింగును కొనసాగిస్తుందో లేదో మీరే ఒకసారి ప్లగ్గు తీసి పరీక్షించుకోండి.

డిష్ ఉన్నవారు వాన సంగతీ చూసుకోవాలి. రామంతాపూర్ దూరదర్శన్ కేంద్రంలో తయారైన కార్యక్రమం పక్కనే ఉన్న ఉప్పల్‌లో డిష్ మీదికి రావాలన్నా సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తునున్న ఉపగ్రహం మీదుగానే రావాలి. డీటీహెచ్ వాడే కేయూ బ్యాండ్ తరంగాలను జోరువాన బాగా పీల్చుకుంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన హైదరాబాదులో సాయంత్రపు వానలు సరిగ్గా సీరియళ్ల వేళకే పడుతుంటాయి. సిగ్నలు లేని నిమిషాలు రికార్డింగులో ఖాళీలుగా మిగిలిపోతాయి, వాటిని తరువాత ఎవరూ పూడ్చలేరు. ఎండకాసే రోజున మెనూలో సిగ్నలు నాణ్యత చూసి రాసుకోండి. అప్పుడే అది అంతంతమాత్రంగా ఉంటే వానాకాలం రాకముందే డిష్‌ను సరిచేయించండి.

రుసుము చెల్లించే సర్వీసుల బాక్సులు రికార్డింగును తాళం వేసి దాస్తాయి కాబట్టి ఆ డ్రైవును కంప్యూటరుకు పెడితే ఏమీ ఆడదు, బాక్సు మార్చినా ఆడదు. నెలసరి రుసుము లేని డీడీ ఫ్రీ డిష్‌కు వాడే బాక్సుల్లో చాలావాటి ఫైళ్లు కంప్యూటరులోనూ తెరుచుకుంటాయి. 1957 నాటి కాపీరైటు చట్టం 39వ సెక్షను ప్రకారం, ప్రసారాన్ని సొంత వాడకానికి రికార్డు చేసుకోవడం ప్రసార సంస్థ హక్కుల ఉల్లంఘన కాదు. దాన్ని నలుగురికీ పంచడం వేరే సంగతి.

వచ్చే పాఠానికి ముందు ఈ అభ్యాసం చేయండి. మీరు రోజూ చూసే ఛానలును సరిగ్గా ముప్పై నిమిషాలు రికార్డు చేసి, ఫైలు ఎన్ని మెగాబైట్లో చూడండి. ఆ అంకెను ఎనిమిదితో హెచ్చవేసి 1,800తో భాగిస్తే ఆ ఛానలు సెకనుకు ఎన్ని మెగాబిట్లో తెలుస్తుంది. ఒక హెచ్‌డీ ఛానలుకు, ఒక మామూలు ఛానలుకు విడివిడిగా ఇలా కట్టి నోటుపుస్తకంలో రాసుకోండి. నాలుగవ పాఠంలో వారం మొత్తానికి టైమర్ల పట్టిక వేసేటప్పుడు ఆ రెండు అంకెలూ కావాలి.